సేకరించినవారి పేరు

మూలకుళం, సెప్టెంబరు 4

గౌరవనీయులైన ఉమామహేష్ గారికి,

నమస్కారం. నేను చిత్రకారిణిని. పుదుచ్చేరి గోడల పగుళ్ళలో, మురుగుకాలువల అంచుల్లో ఎవరూ నాటకుండా మొలిచే మొక్కలను మూడేళ్ళుగా గీస్తున్నాను. డిసెంబరులో ప్రదర్శన. ప్రతి చిత్రం పక్కన, దానికి ఆధారమైన ఎండు మొక్కను అట్టపై అంటించి పెడతాను. పద్దెనిమిది పంపుతున్నాను. వృక్షశాస్త్రజ్ఞులు మీరు సరైన పేర్లు చెబితే చాలు. స్థలం, సమయం, సేకరించినవారి పేరు నేనే చీటీల మీద రాశాను.

బడిలో తమిళమే చదివాను. తెలుగు లిపి పెద్దయ్యాక నేర్చుకున్నాను. మీరు యానాం వారని తెలిసి ధైర్యం చేశాను.

వినయంతో,
హేమశ్రీ

ఇందిరా నగర్, సెప్టెంబరు 15

ప్రియమైన హేమశ్రీ గారికి,

మీ తెలుగులో తప్పులు వెతికాను, రెండే దొరికాయి.

పదిహేడింటి పేర్లు జతచేశాను. కుప్పింట, గలిజేరు, నేల ఉసిరి మీకు తెలిసే ఉంటాయి. పదమూడవది తేలలేదు. కాయ చూస్తే గాని చెప్పలేను.

ఒక సందేహం. తొమ్మిదవ చీటీలో ఉదయం పదకొండు గంటలని రాశారు. అది చంద్రకాంత. సాయంత్రం విచ్చిన పువ్వు మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. మీరు పంపినది విచ్చుకునే ఉంది. పైగా పద్దెనిమిదింటి వేళ్ళూ ఒకే వాలులో తెగాయి. నిలబడి పార పట్టే అలవాటున్న చెయ్యి అది. సేకరించినవారి గడిలో మీ పేరుంది. అక్కడ రాయవలసింది మొక్కను నేలనుంచి తీసిన మనిషి పేరు. రేపెవరికైనా అనుమానం వస్తే అడగవలసింది ఆ మనిషినే. సరిచూసి చెప్పండి. తొందర లేదు.

తప్పు పట్టడానికి రాయలేదని నమ్మండి,
ఉమామహేష్

మూలకుళం, అక్టోబరు 6

గౌరవనీయులైన ఉమామహేష్ గారికి,

మూడు వారాలు జవాబు రాయలేకపోయాను.

ఆ మొక్కలు తీసింది మా అమ్మ ఆండాళమ్మ. ఇరవై ఆరేళ్ళుగా వీధులు ఊడ్చే పని. గోడల వారన గీకిన వాటిలో కొన్నింటిని కాగితంలో చుట్టి నాకు తెస్తుంది. స్కూటీ మీద తిరిగి నేనే ఏరుకున్నానని గ్యాలరీ వాళ్ళకు చెప్పాను. అమ్మ సంగతి తెలిస్తే ఆ రోజునుంచి నేను వీధులూడ్చే ఆవిడ కూతురినే. బొమ్మలు చూసేవాళ్ళుండరు, జాలిపడేవాళ్ళే ఉంటారు.

అమ్మను అడిగితే నవ్వింది. "ఏంది పాపా, ఇన్నేండ్లు గీకి పారబోస్తే ఎవురూ పేరు అడగలా. ఇప్పుడు గడ్డి పీకినందుకు మేస్త్రీ వేరే హాజరు వేస్తాడా? యాడ రాస్తే ఏంది, నాకేమన్నా చదవను వస్తుందా?"

ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చునా?

మీ జవాబు కోసం చూస్తూ,
హేమశ్రీ

ఇందిరా నగర్, అక్టోబరు 12

ప్రియమైన హేమశ్రీ గారికి,

వదిలేయవచ్చు. కానీ పదమూడవ మొక్క విషయంలో నాకు మీ అమ్మగారి సాయం కావాలి. చీటీలో ఉన్న చోట అది సరిగ్గా ఎక్కడ మొలిచింది, మళ్ళీ కనబడిందా, కాయ ఎప్పుడు పడుతుంది? ఖాళీ గడిని ఈ ప్రశ్నలు అడగలేను.

మరొక మాట. ఇలాంటి చీటీలు కొన్ని వేలు రాశాను. వాటిలో వృత్తికి గడి లేదు. ఎవరి కూతురు, ఎవరి తల్లి అనే గడీ లేదు. పేరు, స్థలం, వేళ, అంతే. నిర్ణయం మీది. మీరేది రాసినా, మొక్కల పేర్లకు నా సంతకం ఉంటుంది.

మీ అమ్మగారికి నా నమస్కారాలతో,
ఉమామహేష్

మూలకుళం, నవంబరు 27

గౌరవనీయులైన ఉమామహేష్ గారికి,

పొట్లంలో పదమూడవ మొక్క కాయలున్నాయి. అమ్మ చెప్పినది చెప్పినట్టే రాస్తున్నాను. "పెద్దకాలువ గట్టున, మూడో మెట్టు పక్క సందులో. వాన పట్టిన ఇరవై నాళ్ళకు కాయ పడుతుంది. మూడేండ్లుగా చూస్తాండా. అక్కడ మిగిలినదాన్ని నేను గీకనని సారుకు చెప్పు."

ఎందుకని అడిగాను. "నీకొకటి తెచ్చేటప్పుడు యాడనో ఒకటి వదిలిపెడతా. అంతా గీకేస్తే వచ్చే ఏడు నువ్వు దేని బొమ్మ వేస్తావు?"

మేస్త్రీ తిట్టడా అంటే, "తిడతాడు. వాడికి చూపు తక్కువ, నోరెక్కువ" అంది.

అమ్మ ఇన్నాళ్ళూ చేతికి దొరికింది తెస్తోందనుకున్నాను.

చీటీలన్నీ తిరిగి రాశాను. చంద్రకాంత వేళ ఉదయం ఆరున్నరగా దిద్దాను. ప్రదర్శనలోనూ ఇవే ఉంటాయి. గ్యాలరీ వాళ్ళు ఆండాళమ్మ ఎవరని అడిగారు. మా అమ్మ అన్నాను. స్కూటీ మాట అబద్ధమని కూడా చెప్పాను. ఏం చేస్తారావిడ అన్నారు. ఈ మొక్కలు ఆవిడకు తెలుసన్నాను.

నిన్న అమ్మకు చదివి వినిపించాను: "సేకరించినవారు: ఆండాళమ్మ." విని, చీటీ చేతిలోకి తీసుకుని, అక్షరాలను వేలితో తడిమింది.

"ఇనిషియల్ యాడ? మా ఊడ్చే లైనులోనే ముగ్గురు ఆండాళమ్మలు ఉండారు. వాళ్ళు తీసినారనుకుంటారు. మా నాయన పేరు వెంకన్న కదా, ముందర 'వి' వెయ్యి."

పద్దెనిమిదీ మళ్ళీ రాశాను. పొట్లం ఒక రోజు ఆలస్యమైంది అందుకే.

కృతజ్ఞతతో,
హేమశ్రీ