లావు తీగ

ప్రియమైన బావకు,

కవరు మీద నా చేతిరాత చూసి చించబోతున్నావని తెలుసు. ఆగు. ఫోను చేస్తే కట్ చేస్తావు, గుమ్మంలోకొస్తే తలుపేస్తావు. నాతో మాట్లాడనని మా అక్క చేత కూడా ఒట్టు వేయించావు. రెండేళ్లయింది. ఉత్తరాన్ని మాత్రం ఆపలేవు, తలుపు కింద సందులోంచి దూరుతుంది. అచ్చం నాలాగే.

విషయానికొస్తా. నువ్వు స్టూడియో వదిలి వెళ్లిపోయాక మన మ్యూజిక్ డైరెక్టరు పెద్దాయన బేస్ గిటార్‌కి ఇంకో మనిషిని పెట్టుకోలేదు. కంప్యూటర్లో ఒకటి పెట్టించాడు. ఎవరో మహానుభావుడు నిజం గిటార్ మీద ఒక్కో స్వరాన్నీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి రికార్డు చేసిపెట్టాడట. నేను కీబోర్డు మీద మీట నొక్కితే ఆయన వాయించిన ముక్క మోగుతుంది. వేలు నాది, చప్పుడు ఆయనది. ఆయన ఎవరో, భోంచేసి వాయించాడో ఆకలి మీద వాయించాడో దేవుడికెరుక. మూలన కీబోర్డు వాయించుకునే నన్ను లాక్కొచ్చి నీ కుర్చీలో కూర్చోబెట్టారు.

కూర్చున్నానే గానీ, కుదురు లేదు బావా. ఆ కుర్చీలో నువ్వు కూర్చున్న గుంట అలాగే ఉంది, అందులో నేను పట్టను. పది నిమిషాలకోసారి లేచి తలుపు దాకా వెళ్లొస్తాను. ముక్కలన్నీ నిజమైనవే, పేర్చి వింటే మాత్రం బొమ్మ వాయిద్యం. ఒకే స్వరం నాలుగుసార్లు వరసగా కొడితే టైపు మిషను కొట్టినట్టుంది. నిన్న పెద్దాయన విని, "ఏమయ్యా, ఇది పాటా, లిఫ్టు గంటా?" అన్నాడు. వయొలిన్ల వరసలో ఒకాయన పళ్లికిలించాడు. కొత్త పాటకి మూడు వారాలు గడువు. మనిషి వాయించినట్టు ఉంటే సరి, లేకపోతే నేను మూటా ముల్లే సర్దుకోవాలి.

ఆ రోజు సంగతి కూడా రాస్తా. రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నీ గిటార్ లావు తీగ వదులు చేసింది నేనే. నీకు తెలుసని నాకూ తెలుసు. నీ చెప్పుల్లో ఐసు ముక్కలు వేసినప్పుడు నవ్వావు కదా, దీనికీ నవ్వుతావనుకున్నా. రికార్డింగ్ ఎర్ర లైటు వెలిగి, మొదటి స్వరమే బురదలో కాలేసినట్టు మోగుతుందనీ, పెద్దాయన అరవైమంది ముందు "ఇరవై ఏళ్ల నుంచి వాయిస్తున్నావు, శ్రుతి చేసుకోవడం రాదా?" అంటాడనీ అనుకోలేదు. నువ్వు గిటార్ పెట్టెలో పెట్టుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయావు. మోటార్ల వైండింగ్ షాపులో చేరావని తర్వాత ఎవరో చెప్పారు.

కాబట్టి ముందు తిట్టు. తిట్టడం అయ్యాక చెప్పు, నీ వాయింపులో ఉన్నదేంటి, నా మీటల్లో లేనిదేంటి?

నీ పాపిష్టి బామ్మర్ది

•

ప్రియమైన బామ్మర్దికి,

షాపులో రాగి తీగ చుడుతుంటే వేలు కోసుకుపోయింది. అందుకని మీ అక్క చేత రాయిస్తున్నాను. రాత చూసి కంగారుపడకు.

నువ్వు చేసిన పని చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ముందు నాకు వివరంగా రాయి. తీగ ఎప్పుడు వదులు చేశావు? అప్పుడు నేనెక్కడున్నాను? నేను వెళ్లిపోయాకైనా పెద్దాయనకి నిజం చెప్పావా, లేదా?

ఇక నువ్వడిగిన దానికి. నా వాయింపులో ఏ రెండు దెబ్బలూ ఒకేలా ఉండవు. రెండు వేళ్లతో మీటుతాను కదా, ఒకటి మొరటుది, ఒకటి నాజూకుది. ఒక కాలికి చెప్పుండి, రెండో కాలికి లేకుండా నడిచినట్టుంటుంది. చెయ్యి కింది నుంచి పైకి జరిగేటప్పుడు స్వరానికి ముందు 'కిర్రు'మని సన్నగా వస్తుంది. అక్కడక్కడ అసలు స్వరమే రాదు, తడిగుడ్డ దులిపినట్టు 'టప్' మంటుంది, అంతే. ఆ టప్ లేకపోతే పాటకి ఊపు రాదు.

ఇంకోటి. లావు తీగని ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటితే, వంటింటి స్టాండులో పళ్లేలు సన్నగా మోగుతాయి. ఆ స్వరాన్ని ఎక్కడపడితే అక్కడ వాడను. పాట తిరిగి తిరిగి ఇంటికొచ్చింది అనిపించే చోటే వాడతాను. ఈ రెండేళ్లలో ఆ పళ్లేలు ఒక్కసారీ మోగలేదు.

వేళకి తిను. చిక్కిపోయావని ఎవరో అన్నారు.

నీ బావ

•

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. నాలుగు మడతల దగ్గరా చిరిగింది.

మా కీబోర్డుకి ఎడమ చివర నొక్కితే పలకని మీటలు కొన్ని ఉన్నాయి. చెడిపోయాయనుకుని ఇన్నాళ్లూ టీ గ్లాసు వాటి మీదే పెట్టేవాణ్ణి. నువ్వు రాసింది చదివాక అనుమానమొచ్చి కెలికాను. వాటిల్లో ఒకటి నొక్కి పట్టుకుని స్వరం వాయిస్తే అది జారుతూ వస్తుంది. ఇంకోదానికి నువ్వు చెప్పిన 'టప్' వస్తుంది. టీ గ్లాసు కింద ఇంత సంగీతం ఉందని ఎవడు కలగన్నాడు!

ఇక ఆగుతానా? దొరికిన చోటల్లా జారుడే, ప్రతి స్వరానికీ కిర్రే. పాట మొత్తం తుప్పుపట్టిన గేటులా మోగింది. పెద్దాయన "లిఫ్టు గంటే నయం" అని లేచిపోయాడు. అన్నీ పీకి, మొత్తం పాటలో ఆరు చోట్ల ఉంచాను. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు గానీ, తీసేస్తే తెలుస్తుంది.

రెండు వేళ్ల సంగతి మాత్రం బుర్రకెక్కలేదు. ఒక చెప్పు విప్పేసి స్టూడియో వరండాలో అరగంట నడిచాను. వయొలిన్ ఆయన చూసి "ఏంటయ్యా, రెండోది కుక్క ఎత్తుకెళ్లిందా?" అన్నాడు. "లేదు సార్, సాధన" అన్నాను. నమ్మలేదు. కానీ ఆ నడక చెవిలో పడ్డాక వచ్చి కూర్చుని, ఒక దెబ్బ బలంగా, ఒక దెబ్బ తక్కువగా, ఆ తక్కువల్లోనూ ఒకటి ఇంకా తక్కువగా మార్చుకుంటూ పోయాను. టైపు మిషను పోయింది బావా. ఎవరో మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. పక్కకి తిరిగి చూశాను కూడా.

నువ్వెక్కడున్నావని అడుగుతావేంటి, చిత్రంగా? టీకి వెళ్లావు. శ్రుతి చేసి, గిటార్ కుర్చీకి ఆనించి వెళ్లావు. నేను ఇటూ అటూ చూసి లావు తీగ బిరడా అర తిప్పు వెనక్కి తిప్పాను. అంతే. ఆరు సెకన్ల పని.

పెద్దాయనకి చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నా. ఆ రేపు ఇప్పటికి ఏడొందల సార్లు వచ్చి వెళ్లింది.

నీ ఒంటి చెప్పు బామ్మర్ది

•

ప్రియమైన బామ్మర్దికి,

వేలు ఇంకా మానలేదు. ఇదీ మీ అక్క రాతే.

నువ్వు కంప్యూటర్లో తాళం గీతల మీద స్వరాలు కచ్చితంగా పెడుతున్నావనుకుంటా. అక్కడే తప్పుతోంది. వాయించేటప్పుడు నా ఎడమ కాలు నేల మీద కొట్టుకుంటుంది. ఆ కాలు తాళం మీద పడుతుంది, స్వరం మాత్రం వెంట్రుకవాసి ఆగి వస్తుంది. పాట నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్తున్నట్టుండాలి, నేను పాటని తరుముతున్నట్టు కాదు. పై స్వరాలకి వెళ్లేముందు కుర్చీ కిర్రుమంటుంది, అంత సేపు ఖాళీ ఉంచు. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట నువ్వూ నోరు మూసుకో. నీకది కష్టమే, అయినా ప్రయత్నించు.

మీటలకేం, నొక్కితే పలుకుతాయి. ఈ ఇంట్లో ఏదీ పలకడం లేదు. గిటార్ పెట్టె బీరువా మీద ఉంది. దుమ్ము తుడుస్తానన్నా ఒప్పుకోవడం లేదు. షాపు నుంచి రావడం, చేతులు కడుక్కోవడం, గోడవైపు తిరిగి కూర్చోవడం. ఆరు సెకన్ల పని అని రాశావు. సిగ్గులేకపోతే సరి.

పాట బాగా వస్తే అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు పుచ్చుకునే ముందు పెద్దాయనకి చెప్పాల్సింది చెప్పు. చెప్పలేకపోతే ఇక ఈ ఇంటికి ఉత్తరం రాయకు.

నీ బావ

•

ప్రియమైన అక్కా,

ఉలిక్కిపడకు. ఉత్తరం నీ పేరుకే రాశాను, కవరు మీద కూడా నీ పేరే.

మొదటి జవాబుకే అనుమానమొచ్చింది. బావ నన్ను జన్మలో 'ప్రియమైన' అనలేదు. 'కోతీ' అంటాడు. పైగా తను టీకి వెళ్లిన సంగతి తనే మర్చిపోయి నన్నడుగుతాడా? అయినా సరే అనుకున్నా. పళ్లేల దగ్గర పూర్తిగా దొరికిపోయావు. గిటార్ ముందు గదిలో, పళ్లేలు వంటింట్లో. వాయించేవాడికి పక్క గదిలో పళ్లేలు మోగడం ఎలా తెలుస్తుంది? తన కుర్చీ కిర్రుమంటుందనీ, కాలు నేల మీద కొట్టుకుంటుందనీ వాయించేవాడెవడూ రాయడు. గురకపెట్టేవాడు తన గురక ఎలా ఉంటుందో రాయగలడా? గోడకి ఇవతల ఇరవై ఏళ్లు వంట చేసిన మనిషే రాయగలదు. మాట్లాడనని ఒట్టేశావు గానీ రాయనని వేయలేదు కదూ. ఊరందర్నీ నేను ఆటపట్టిస్తాననుకుంటే, నన్ను ఆటపట్టించే మనిషి మా ఇంట్లోనే పుట్టింది.

తెలిసినా ఎందుకు ఊరుకున్నానంటే, ఆ ఉత్తరాలు ఆగిపోతాయేమోనని భయం.

ఇక నిన్నటి సంగతి విను. పాట పెట్టాను. పక్క హాల్లో వయొలిన్ల వాళ్లందరూ ఉన్నారు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. నువ్వు చెప్పినట్టే చివర్లో పాట ఇంటికొచ్చే చోట ఆ లావు స్వరం పెట్టాను, పాటంతటికీ అదొక్కసారే. ఆయన కళ్లు తెరిచి, నా వంక కాదక్కా, గిటార్ వాళ్లు కూర్చునే అద్దాల గది వంక చూశాడు.

"వాడొచ్చాడా? ఎప్పుడొచ్చాడు? నాకు చెప్పరేం?"

అద్దాల గది ఖాళీగా ఉంది. అప్పుడు నేనేమన్నా చెల్లేది. "లేదు సార్, నేనే" అంటే మెప్పు నాది. నోరు తెరిచాను కూడా. నీ చివరి వాక్యం జేబులో ముల్లులా గుచ్చుకుంది.

"రాలేదు సార్. ఇది మిషను. ఆ రోజు తీగ వదులు చేసింది నేను. ఆయన శ్రుతి సరిగ్గానే చేసుకున్నాడు."

పెద్దాయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "నేను వాణ్ణి ఎంతమంది ముందు అన్నానో, అంతమంది ముందు చెప్పు" అన్నాడు.

ఆ హాల్లోకెళ్లి, మధ్యలో నిలబడి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ పళ్లికిలించే ఆయన కూడా విల్లు ఒళ్లో పెట్టుకుని నేల చూశాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి నా మాటకి జనం నవ్వలేదు. ఎంత భయమేసిందో చెప్పలేను.

"వాడొచ్చి నిన్ను లోపలికి రమ్మంటే అప్పుడు రా. అందాకా ఆ తలుపు దాటకు" అన్నాడు పెద్దాయన. ఇప్పుడు స్టూడియో మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. కూర్చోలేక లేస్తున్నా, లేచి మళ్లీ కూర్చుంటున్నా.

కవర్లో పెన్ డ్రైవ్ పెట్టాను. బావ ఇంట్లో ఉన్నప్పుడు టీవీకి పెట్టి పాట వినిపించు. ఏమీ చెప్పకు. ఆయన ఎడమ చేతి వేళ్లు మాత్రం గమనించు, కదులుతాయేమో. కదలకపోతే ఆ పెన్ డ్రైవ్ పారేసి, నన్ను మర్చిపో.

నీ కోతి తమ్ముడు

•

కోతీ,

నా వేలికేమీ కాలేదు. శుభ్రంగా ఉంది. మీ అక్క అన్నీ చెప్పింది, నీ ఉత్తరాలన్నీ చదివాను.

నిన్న మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు కూరగాయలు తరుగుతూ నీ పాట పెట్టింది. ఎడమ చేతి వేళ్లు కదిలాయని నీకు చెప్పమంటోంది. కదిలాయి. కదిలి ఒకచోట ఇరుక్కుపోయాయి. రెండో చరణం మొదట్లో కింది స్వరం ఇంకా మోగుతుండగానే పైన, అంత దూరంలో ఇంకోటి వాయించావు. కీబోర్డు మీద నీకు పది వేళ్లు. గిటార్ మీద నాకున్నది ఒకటే ఎడమ చెయ్యి. అది పైకి వెళ్లాలంటే కింది స్వరాన్ని వదలాలి. వదిలితే అది ఆగిపోవాలి. అలా వాయించాలంటే మనిషికి మూడు చేతులుండాలి. మీ అక్కకి గోడ అవతల మోగినవన్నీ తెలుసు. నేను ఆపినవి తెలియవు. సగం వాయింపు ఆపడంలోనే ఉంది.

తీగ వదులు చేసింది నువ్వేనని ఆ రోజే తెలుసు. కోపం దానికి కాదు. అరవైమందీ నవ్వుతుంటే నీ వంక చూశాను. నువ్వూ నవ్వి ఉంటే ఇది నీ ఆటే అనుకుని, నాలుగు తగిలించి ఊరుకునేవాణ్ణి. నువ్వు నేల చూశావు. నన్నొక్కణ్ణే అక్కడ వదిలేశావు. రెండేళ్లు గోడవైపు తిరిగి కూర్చున్నది దానికి. వాళ్లందరి ముందూ నిలబడి చెప్పావట కదా. సరే.

ఇందాక పెట్టె దించాను. మిగతా మూడు తీగలూ దుమ్ములో పడి కొంచెం కొంచెం శ్రుతి జారాయి. లావు తీగ మాత్రం శ్రుతికి బాగా కింద ఉంది. నువ్వు అర తిప్పు తిప్పిన చోటి నుంచి దాన్ని నేను మళ్లీ ముట్టుకోలేదు. ఈ రోజు బిగించాను.

సోమవారం వస్తాను. రెండో చరణం నా ముందు సరిచేయాలి. ఆ కుర్చీ నాది, నీది పక్కన వేసుకో. టీ ఫ్లాస్కులో తెచ్చుకుంటాను, గిటార్ వదిలి ఎక్కడికీ కదలను.

నీ బావ

కింద ఇంకో ముక్క రాయాలట మీ అక్కకి. కాగితం లాక్కుంటోంది.

ఒరేయ్ తమ్ముడూ, పళ్లేలు మోగుతున్నాయిరా.