అంబాసిడర్ కింద మంట పెట్టింది నేనే

బాపట్ల జిల్లా అద్దంకి కాపురస్తుడు, కీర్తిశేషులు బత్తుల కోటయ్య గారి కుమారుడు, కారు మెకానిక్ బత్తుల యలమందయ్య అను నేను, అరవై ఎనిమిదో ఏట, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వదస్తూరీతో రాసుకుంటున్న వీలునామా. నాకు షుగరు ఉంది, ఎడమ చెవి సరిగా వినపడదు. జ్ఞాపకం మాత్రం చెడలేదు. చెడి ఉంటే ఈ కాగితం ఇంత పొడుగు అయ్యేది కాదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా షెడ్డుకు ఎదురుగా రేడియేటర్లు బాగుచేసే యేసుపాదానికి అప్పగిస్తున్నాను.

1. నేను నివసిస్తున్న పెంకుటిల్లు, దొడ్డి సహా, నా భార్య పిచ్చమ్మకు చెందవలెను. ఆమె జీవితాంతం సర్వహక్కులతో అనుభవించగలదు. నలభై ఏళ్ళు నా గ్రీజు బట్టలు వేరే బకెట్లో నానబెట్టి ఉతికింది. నేను పోయిన రోజే ఆ బకెట్ పారేయమని నా కోరిక.

2. ఎకరం ఇరవై సెంట్ల మిరప చేను నా కుమారుడు కోటేష్‌కు చెందవలెను. దక్షిణపు గట్టును మా అన్న మూడు అడుగులు లోపలికి జరిపాడు. దాని కోసం పదహారేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. కోటేష్ ఆ తగాదా పెట్టుకోకూడదు. నేను జరిపినవి చూస్తే మూడు అడుగులు పెద్దవి కావు.

3. సింగరకొండ రోడ్డు పక్కన నా స్వార్జితమైన మూడు సెంట్ల స్థలం, అందులోని రేకుల షెడ్డు, గ్యాస్ వెల్డింగ్ సామాను తప్ప మిగతా పనిముట్లన్నీ, నా దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసిన షేక్ మీరా హుస్సేన్‌కు చెందవలెను. నా భార్యాబిడ్డలు అభ్యంతరం చెప్పకూడదు. కారణం ఇక్కడే రాస్తున్నాను.

2014 మార్చిలో వేటపాలెం జీడిపప్పు వ్యాపారి ఒకాయన పాత అంబాసిడర్ తెచ్చాడు. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ ఆయిల్ కారిపోతున్నాయి. కుడిపక్కది ఊడి వచ్చింది. ఎడమపక్కది, సముద్రం ఉప్పుగాలికి, కింది పిన్నుతో కలిసి తుప్పుపట్టి ఒకటే ఇనుము అయిపోయింది. అలాంటివాటికి మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, డీజిలూ పాత ఇంజన్ ఆయిలూ కలిపి పోసి, మూడు పూటలు నానబెట్టాలి. తరువాత ఒకవైపు సుత్తి ఆనించి రెండోవైపు నుంచి చిన్నగా కొడుతూ పోవాలి. ఆ పద్ధతి పెట్టింది మీరా హుస్సేనే. ఆ రోజు కూడా అదే అన్నాడు.

"అన్నా, రేపటిదాకా నాననియ్యి. లోపల ఆయిల్ ఉంది, మంట వద్దు."

వ్యాపారి కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆయన ముందు పనివాడు నాకు చెప్పడం నచ్చలేదు. "ఏరా, మేస్త్రివి నువ్వా నేనా?" అన్నాను. మూలనున్న గోతం నీళ్ళలో ముంచి, వేడి ఎక్కకుండా షాక్ అబ్జార్బర్ గొట్టానికి చుట్టి, పిన్ను మీద గ్యాస్ మంట పెట్టాను. మీరా హుస్సేన్‌ను స్పానర్ పట్టుకోమన్నాను. ఆ గోతం అంతకుముందు వారం మా చేలో ఎండుమిరపకాయలు తొక్కినది. దులపకుండానే ముంచాను. అంచు ఆరి కాలడంతో మిరప ఘాటు లేచింది. నా కళ్ళు మూసుకుపోయాయి. మంట ఆర్పవలసింది. ఆర్పకుండా దగ్గాను. నా చేతిలో మంట ఎటు తిరిగిందో నేను చూడలేదు. లోపలి ఆయిల్ మరిగి గొట్టం పగిలింది. మీరా హుస్సేన్ కుడికన్ను పోయింది. కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.

ఆస్పత్రి వరండాలో అతని భార్య అఫ్రోజ్ ఎలా జరిగిందని అడిగింది. వ్యాపారి పక్కనే ఉన్నాడు. ఘాటుకి ఆయన ముందే బయటికి పరుగెత్తాడు కాబట్టి ఏమీ చూడలేదు. "నేను వద్దంటూనే ఉన్నానమ్మా, వినకుండా మంట పెట్టాడు" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. కాని తరువాత పదేళ్ళు ఆలోచించి కూడా దిద్దుకోలేదు.

కట్లు విప్పాక అతను భార్యకు నిజం చెప్పాడు. ఆమె నమ్మలేదు. యలమందన్న అబద్ధం ఎందుకు చెబుతాడని అందట. ఆ సంగతి యేసుపాదం వచ్చి నాతో చెప్పినప్పుడు, నా పేరు నిలిచిందని లోపల సంతోషపడ్డాను. ఇది రాయడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. మాట వినని మనిషని అద్దంకిలో మరే షెడ్డూ అతన్ని పెట్టుకోలేదు. ఇప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు.

4. ఇరుక్కున్న బుష్షులు లాగే పుల్లర్ ఒకటి షెడ్డులో మేకుకు వేలాడుతోంది. లారీ యాక్సిల్ ముక్కతో దాన్ని తయారుచేసింది మీరా హుస్సేన్. నేనే చేశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అది అతనిదే కనుక దానం ఇస్తున్నట్టు రాయడం లేదు.

5. నేను పోయిన పదిహేను రోజుల్లోపు, అద్దంకి మెకానిక్కులను షెడ్డు దగ్గరికి పిలిచి, యేసుపాదం మూడో అంశాన్ని పైకి చదవవలెను. మెత్తబరిచి చదవకూడదు.

6. పైవన్నీ నిన్న రాశాను. చదివి యేసుపాదం, "చచ్చాక వినిపిస్తే మీరా హుస్సేన్ అడిగేదానికి ఎవడు జవాబు చెప్పాలయ్యా?" అన్నాడు. అందుకని ఈ పూట మీరా హుస్సేన్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే కాగితం తీశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకెందుకన్నా, నాకు తెలిసిందేగా. ఆమెకు చదువు."

అఫ్రోజ్ చేట కింద పెట్టి నిలబడి విన్నది. చదవడం అయ్యాక భర్త వంక చూడలేదు, నా వంకా చూడలేదు. షెడ్డు సంగతి అడగలేదు. "ఆస్పత్రి దగ్గరిది మళ్ళీ చదవండి" అంది. ఎప్పటిలా అన్నయ్యా అనలేదు.

మళ్ళీ చదివాను.

షెడ్డు తీసుకునేదీ లేనిదీ మీరా హుస్సేన్ చెప్పలేదు. నేను అడగలేదు. మూడో అంశం రాసినది రాసినట్టే ఉంటుంది. ఇందులో ఏ అంశాన్నీ ఇక మార్చను.

అద్దంకి, 2024 ఆగస్టు 11, ఆదివారం.

(సంతకం) బత్తుల యలమందయ్య

మా ఎదుట సంతకం చేశాడనుటకు సాక్షులు:
1. యేసుపాదం, రేడియేటర్ పని
2. పఠాన్ బుడాన్, టైర్ల షాపు