పీతల లెక్క

మినతి అక్కా,

టీచర్ ట్రైనింగ్ మానేసి వచ్చేస్తానని రాసిన ఉత్తరం నాన్నకి చూపించలేదు కదా? చూపించకు.

ఎక్కాలు రాని మొద్దు పిల్ల అని రాశానే, ఆ కుని నిన్న చిలికా సరస్సు ఒడ్డున వాళ్ళమ్మ పక్కన కూర్చుని పీతలు లెక్కపెడుతోంది. ఇక్కడి జాలర్లు నాలుగేసి పీతల్ని ఒక కట్ట కడతారు. "పదమూడు కట్టలు, యాభై రెండు, గురుమా!" అని ఈ టీచరమ్మకి ఠక్కున చెప్పేసింది. నేనే వేళ్ళు మడవాల్సి వచ్చింది.

అందుకే ఇవాళ బోర్డు మీద అంకెలు మానేసి పీతల కట్టలు గీశాను. కుని నా చేతిలో సుద్దముక్క లాక్కుని, క్లాసులో దుఖీ అనే పిల్లాణ్ణి లేపి, నడుం మీద చెయ్యేసుకుని, "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా? మళ్ళీ చెప్పు!" అని గద్దించింది. వాడికి నాలుగో ఎక్కం వచ్చేదాకా కూర్చోనివ్వలేదు. క్లాసంతా నన్ను చూసి ఒకటే నవ్వు.

అచ్చం నా గొంతే అక్కా! ముందు అది మార్చుకోవాలి. ఇంటికొచ్చి కూర్చుంటే కుదిరే పని కాదు.

నీ చెల్లి