ఇనప కుంపటి మీది బీట

కనకాలపేట, యానాం.
జనవరి 9, శుక్రవారం.

చిరంజీవి షారోనుకు మీ నాన్న దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ నేను, తమ్ముడు కులాసా. అక్కడ నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు బుల్లెమ్మ వదినగారు, ఇరవై రోజుల నా మనవరాలు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అయినా ముందు ఒక పని చెయ్యి. ఈ కాగితాలు పక్కన పెట్టి, లేచి, నువ్వు పడుకునే గది కిటికీ తెరిచి రా. బెత్తెడు చాలు. వదినగారు కేకలేస్తే నా పేరు చెప్పు. తెరిచావా? అయితే ఇప్పుడు కూర్చుని చదువు.

ఫోనుండగా ఈ ఉత్తరాల గోలేమిటని నవ్వుతావు. ఫోన్లో నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చావా ఎప్పుడైనా? మొన్న కూడా "అబ్బా, మళ్ళీ మొదలెట్టావా నాన్నా" అని పెట్టేశావు. పైగా నేను చెప్పాల్సింది నోటితో చెప్పగలిగేది కాదు. ఇరవై రెండేళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నాను, నోరు పెగల్లేదు. అందుకే రాసి తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. వాడు ఇవాళ సామర్లకోటలో రైలెక్కుతాడు, ఎల్లుండి సాయంత్రానికి అల్లుడి ఉద్యోగం ఉన్న ఆ ఉత్తరాది కొండ మీదికి చేరతాడు.

ఆపిల్ పళ్ళ పెట్టెలో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. పళ్ళు సగం మగ్గిపోయాయి, మిగతావి తిన్నాం. నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. తిండి వేళకి తింటున్నాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. తమ్ముడు మెట్టకూరులో ఏసీలు బాగుచేసే షాపుకి రోజూ వెళ్తున్నాడు, ఓనరు మెచ్చుకుంటున్నాడు. నీ పెళ్ళికి కొన్న చొక్కాయే ఇప్పటికీ వేసుకుంటాడు వెధవ. గోదారి ఒడ్డున మన బండి దగ్గర బేరాలు బాగానే ఉన్నాయి. చవక మందు కోసం కాకినాడ నుంచి వచ్చేవాళ్ళు ఉన్నంతకాలం మనం కాల్చి అమ్మే రొయ్యలకీ పండుగప్ప చేపకీ లోటు లేదు.

పురిటికి పుట్టింటికి రమ్మనలేదని నువ్వు ఎక్కడా రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసమ్మా. ఆడదిక్కు లేని ఇంటికి పచ్చి బాలింతను ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను? వదినగారు అంత దూరం వచ్చి నీకు చేస్తున్నందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. ఆవిడ మంచిదే. ఆ మంచితనమే నాకు భయంగా ఉంది.

ఇక అసలు సంగతి. "కరెంటు ఉండట్లేదు, హీటరు పనిచెయ్యట్లేదు, మన ఇనప కుంపటి తమ్ముడి చేత పంపు. ఊళ్ళో వాళ్ళకి ఇవ్వనట్టు నాకూ ఇవ్వనంటావా?" అని రాశావు. నేను పిసినారినని ఊరంతా అంటుంది. పిక్నిక్కులకి అడిగారు, పెళ్ళిళ్ళకి అడిగారు, పాస్టరుగారు క్రిస్మస్‌కి అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకో నీకు చెబుతాను. కానీ ముందు దాన్ని ఎలా వాడాలని అడిగావు కదా, అది చెప్పనీ. నాకు బాగా తెలిసినది అదొక్కటే.

అది మామూలు రేకు కుంపటి కాదు, పోత ఇనుము. ఫ్రెంచి ప్రభుత్వ పెన్షను తీసుకునే లూయిస్ గారు పాండిచ్చేరి వెళ్ళిపోతూ "ఇది నీ దగ్గరుంటే పది మందికి తిండి పెడుతుంది దావీదూ" అని ఇచ్చారు. రెండు పక్కలా పట్టుకోడానికి చెవులు, పైన జల్లెడ, దాని మీద మూత, కింద వేలితో జరిపే గాలి తలుపు. పన్నెండు కేజీలు. ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోవచ్చు. దాని గొప్పా అదే, గండమూ అదే.

బొగ్గు సరుగుడుదైతే తొందరగా అంటుకుంటుంది, తుమ్మదైతే ఎక్కువసేపు నిలుస్తుంది. కొబ్బరి పీచుతో అంటించాలి, కిరసనాయిలు చుక్క తగలకూడదు, చేప కంపు కొడుతుంది. బొగ్గు నల్లగా ఉన్నంతసేపూ పొగ. ఎర్రబడి, పైన తెల్లటి నుసి పట్టాక పొగ ఉండదు. అప్పుడు చేప పెట్టాలి. గాలి తలుపు బార్లా తీస్తే భగ్గుమని గంటలో అయిపోతుంది. సన్నంగా జరిపి మూత వేస్తే అదే బొగ్గు పూటంతా కునుకుతూ ఉంటుంది. ఈ కిటుకు నాకు తెలిసినట్టు యానాంలో ఇంకెవరికీ తెలీదని ఒకప్పుడు మీసం తిప్పేవాణ్ణి.

పని అయ్యాక నుసి అందులో వదిలెయ్యకూడదు. మన గాలిలో ఉప్పుంది, నుసి చెమ్మ పీల్చి రాత్రికి రాత్రి తుప్పు పట్టిస్తుంది. జల్లెడ వెచ్చగా ఉండగానే రాళ్ళుప్పు, కొబ్బరి పీచుతో రుద్దాలి. సబ్బు వద్దు. ఆరాక గుడ్డతో పల్చగా నూనె పూసి, మళ్ళీ కాస్త వేడి చూపించాలి. ఇవన్నీ నీకు తెలిసినవే, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నూనె పూసేదానివి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే బీట పడుతుంది.

"పక్కన బీట ఉంది కదా, దారిలో విరిగిపోదా?" అని అడిగావు. విరగదు. అది ఎలా పడిందని నీ చిన్నప్పుడూ అడిగావు, బండి మీంచి జారిపడిందన్నాను. అది అబద్ధం.

మంగళవారం ఫోన్లో నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో. నాకు అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. "పక్కింటివాళ్ళు మట్టి కుంపటి ఇచ్చారు నాన్నా. అత్తయ్యగారు బాలింతకి గాలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేశారు. పొగే లేదు. నువ్వు నేర్పినట్టే బయట బాగా రాజేసి, తెల్లబడ్డాకే లోపలికి తెస్తున్నాం. పొద్దున్న లేచేసరికి తల కాస్త దిమ్ముగా ఉంటోందంతే. చంటిది మాత్రం బంగారు కొండ, ఏడుపే మర్చిపోయింది. పాలకి కూడా లేపాల్సొస్తోంది." నువ్వు నవ్వుతూ చెప్పావు.

అల్లుడు రాజేష్‌ని పిలవమని, నేను ఫోను పెట్టకుండానే ఆ మట్టి కుంపటిని వాకిట్లోకి పడేయించాను. పాపని డాక్టరుకి చూపించమన్నాను. చూపించి, ఫరవాలేదన్నారని చెప్పారు, బతికించారు. నిన్న మళ్ళీ చేస్తే నువ్వేమన్నావు? "సరేలే నాన్నా, మనది వచ్చేదాకా ఆగుతాం. ఇది మట్టిది కాబట్టి పడలేదేమో. మనదానికి మూతుంది, గాలి తలుపుంది." సోమవారం నుంచి మంచు కురుస్తుందని టీవీలో చెబుతున్నారు. మంచు పడి, కరెంటు పోయి, పిల్ల చేతులు చల్లబడితే వదినగారు నా మాట వింటుందా? నువ్వు వింటావా? ముసలాడి చాదస్తం అనుకుంటావు. అందుకని, నువ్వు నమ్మడానికి నా దగ్గరున్నది ఒకే ఒక్కటి. అది ఇస్తున్నాను.

మీ అమ్మ బాలింత జబ్బుతో పోలేదు షారోనూ.

తమ్ముడు పుట్టిన పదకొండో రోజు. వాయుగుండం పట్టి మూడు రోజులుగా వాన, కరెంటు లేదు. మీ అమ్మ రాహేలుకి ఒకటే వణుకు. మీ నాయనమ్మ కిటికీలు బిడాయించి సందుల్లో గోనె కుక్కింది. నువ్వు పక్కింటి స్టెల్లా వాళ్ళింట్లో ఆడుకుంటున్నావు. పొద్దున్న తొమ్మిదింటికి నేను కుంపటి రాజేశాను. పొగ చుక్క లేకుండా తెల్లబడేదాకా వసారాలో విసనకర్రతో విసిరాను. ఎత్తుకెళ్ళి ఆమె మంచం పక్కన పెట్టి, గాలి తలుపు సన్నంగా జరిపి, మూత ఓరగా వేసి, "చూడు, మధ్యాన్నం దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తమ్ముడికి నీళ్ళు పొయ్యడానికి నాయనమ్మ వాణ్ణి పెరటి వసారాలోకి తీసుకెళ్ళి, అక్కడే ఒళ్ళో నిద్రపుచ్చుకుంది. గోదారి పోటెత్తుతోందని, ఒడ్డున ఉన్న బండి తెచ్చుకోడానికి నేను బయల్దేరాను. అప్పుడు రాహేలు పిలిచింది. "తల తిరుగుతోందయ్యా. ఆ తలుపు కూసింత తీసి ఎల్లవా?" అంది.

"గాలి కొడతాది, పడుకోయే," అన్నాను. తలుపు మూసి, కింద సందులో ఇంకో గోనె నేనే పెట్టాను. ఈ చేతుల్తో.

రెండు గంటల తర్వాత బండి తోసుకుంటూ వచ్చాను. నిద్రపోతోందనుకున్నాను. బుగ్గలు ఎర్రగా, పెళ్ళినాడు కూడా లేనంత కళగా ఉంది. పిలిస్తే పలకలేదు. నాకూ తల గిర్రున తిరిగింది. పొగ లేదు, వాసన లేదు. బొగ్గులు మాత్రం కునుకుతున్నాయి. మూసిన గదిలో బొగ్గు వదిలే ఆ విషవాయువు పేరు అప్పుడు నాకు తెలీదు. ఆ తర్వాతెప్పుడో పేపర్లో చదివాను. కానీ ఏది చేసిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎందుకంటే కేకెయ్యడానికి ముందు నేను చేసిన పని, కుంపటిని ఇంటి పక్క సందులోకి ఈడ్చి దాని మీద బిందెడు నీళ్ళు గుమ్మరించడం. టప్పున చిట్లింది. ఆ బీట అదే. దాన్ని బండి కింద దాచాక గదిలోకి వచ్చి ఏడ్చాను. అందరూ వచ్చారు. బాలింత కదా, గుండె ఆగిందన్నారు. నేను తలూపాను.

అంతవరకే అయితే అది నాకూ రాహేలుకీ మధ్య పాపం. కానీ మీ నాయనమ్మ తమ్ముణ్ణి చూసి, "తల్లిని మింగి పుట్టాడు" అంది. ఒక్క మాటతో నోరు మూయించొచ్చు. మూయించలేదు. వీధిలో అన్నారు, బళ్ళో అన్నారు. ఏడేళ్ళప్పుడు బండి దగ్గరికొచ్చి, "నేను పుట్టకపోతే అమ్మ బతికేదా నాన్నా?" అని అడిగాడు. నేను బొగ్గులు ఊదుతున్నాను. తలెత్తలేదు. "పోయి నీళ్ళు పట్టుకురా" అన్నాను. వాడు వెళ్ళి తెచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పుట్టినరోజు చేసుకోడు. నువ్వు గమనించావో లేదో, వాడు ఎవరి పసిబిడ్డనీ ఎత్తుకోడు. పేర్లు పెట్టేటప్పుడు గుమ్మం బయటే నిలబడతాడు.

ఆ బీట కుంపటే వాడుతున్నది, ఎవరికీ ఇవ్వనిది, ఇంకొకటి కొనుక్కోలేక కాదు. దాన్ని నా కళ్ళెదుట ఉంచుకోవాలి, ఇంకో ఇంటి తలుపు దాటనివ్వకూడదు. నాలుగు పక్కలా గాలాడే ఒడ్డున అది మీకు అన్నం పెట్టింది. నాలుగు గోడల మధ్య ఏం చేసిందో చెప్పాను.

కాబట్టి కుంపటి పంపడం లేదు. తమ్ముడి సంచిలో బరువుగా ఉన్నవి రెండు ఉన్ని దుప్పట్లు, వేడినీళ్ళు పోసుకునే రబ్బరు సంచులు మూడు. అక్కడి మట్టి కుంపటి కూడా పక్కింటివాళ్ళకి తిరిగిచ్చెయ్యి. కిటికీ తీసినా సరే, నిప్పు ఆ గదిలోకి రాకూడదు. వాళ్ళింట్లో కూడా పిల్లలుంటే వాళ్ళకీ చెప్పు. ఈ ఉత్తరం వదినగారికి చదివి వినిపించు, సిగ్గుపడకు. సిగ్గుపడాల్సినవాణ్ణి నేను ఇక్కడున్నాను.

ఒక్కటి మిగిలింది. ఈ కవరు నేను అంటించలేదు. వాడికి ఇస్తూ, "అక్కకి ఇందులో అమ్మ గురించి రాశాను" అని మాత్రం చెబుతాను. రెండు రోజుల ప్రయాణం. చదువుతాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇలా చేస్తున్నాను, పిరికివాణ్ణే. వాడు నీ ఎదుట నన్ను ఎన్ని తిట్టినా అడ్డు రాకు. తిట్టకుండా ఊరుకుంటే మాత్రం నాకు ఫోను చెయ్యి. వాడు మళ్ళీ ఈ ఇంటికి రాకపోయినా నేను అడగను. కానీ ఈ కాగితం చివరికి రాగానే, వాడికి అన్నమైనా పెట్టకముందే, చంటిదాన్ని తీసుకొచ్చి వాడి చేతుల్లో పెట్టు. వద్దంటాడు, వెనక్కి తగ్గుతాడు. వినకు.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న,
దావీదు.