సజ్జ మీద వీణ

18 జూన్ 2024, సాయంత్రం

దుకాణం నుంచి వచ్చేసరికి ఇంట్లో ఫ్యాన్ ఆగి ఉంది. వాణి వీణ శ్రుతి చేసుకుంటోంది. ఫ్యాన్ చప్పుడులో తీగ సరిగ్గా వినపడదట. కాసేపు చెమటలు కక్కి, ఎల్‌బీ నగర్‌లో పొద్దంతా హార్డ్‌వేర్ షాపు లెక్కలు రాసి వచ్చినవాడికి గాలి కూడా లేదా అన్నాను. జర ఆగు డాడీ, లెక్క కుదిరేదాక నువ్వు అన్నం ముట్టుకుంటవా అంది.

30 జూన్

వాణిది ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. తన మ్యాథ్స్ పుస్తకం నేనూ చదువుతున్నాను. పదో తరగతితో ఆపేసినవాణ్ణి. నాకు వచ్చిన పనులన్నీ చూసి నేర్చుకున్నవే. ఇంటిగ్రేషన్ కూడా మెల్లగా వస్తోంది. వాణి మాత్రం లెక్క తెగకపోతే పెన్ను పక్కన పెట్టి తొడ మీద తాళం వేస్తుంది. కాసేపటికి మళ్ళీ పెన్ను తీస్తుంది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో పుస్తకంలో లేదు.

14 సెప్టెంబర్

దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీకి పిలిచారు. వీక్లీ టెస్టులో వాణి ర్యాంకు పడిపోయింది. మ్యాథ్స్ చెప్పే ప్రసన్నకుమార్ గారు గుంటూరు వైపు మనిషి. అమ్మాయికి బుర్ర ఉందండీ, కాకపోతే రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది, పరీక్షలయ్యేదాకా ఆ వీణ సంగతి మర్చిపోమనండి అన్నారు. తలూపాను. ఎవరు చెప్పినా తలూపే మనిషిని.

15 సెప్టెంబర్

వీణను బొంతలో చుట్టి స్లాబు కిందే ఉన్న సజ్జ మీద పెట్టాను. దుమ్ము చేరకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా కట్టాను. నేను పడిపోకుండా వాణి కుర్చీ పట్టుకుని నిలబడింది. ఏదో అనబోయి ఊరుకుంది. వాళ్ళమ్మ మాత్రం, గదేమన్న దొంగతనం చేసిందా, గట్ల కట్టేస్తున్నవ్ అంది. పరీక్షలు కాగానే దించుతానన్నాను.

2 నవంబర్

ర్యాంకు మెరుగైంది.

19 జనవరి 2025

కర్మన్‌ఘాట్ గుడి దగ్గర వేదవతి గారు కనిపించారు. వాణికి చిన్నప్పటి నుంచి వీణ నేర్పిన టీచరు. ఏవండీ, మా పిల్లని ఎక్కడ దాచేశారు, ఆదివారం ఒక్క గంటైనా పంపొచ్చు కదా అన్నారు. చూద్దామండీ అన్నాను. ఇంట్లో చెప్పలేదు.

3 ఏప్రిల్

పరీక్షలయ్యాయి, వీణను రిజల్ట్స్ వచ్చాక దించుదాంలే అనుకున్నాను. ఎండలు ముదిరాయి. మాది పై అంతస్తు, స్లాబు పెనంలా కాలుతోంది. వాణి తొడ మీద తాళం వేయడం ఎప్పుడో మానేసిందని ఇవాళ గమనించాను.

22 ఏప్రిల్

రిజల్ట్స్ వచ్చాయి. మ్యాథ్స్ రెండు పేపర్లలోనూ డెబ్భై ఐదుకు డెబ్భై ఐదు. ప్రసన్నకుమార్ గారు ఫోన్ చేసి, చూశారా, నే చెప్పలేదూ అన్నారు. షాపులో అందరికీ స్వీట్లు పంచాను.

వాణి అడగకముందే దించాలని సజ్జ ఎక్కాను. బొంత విప్పితే చేతికి జిగటగా తగిలింది. తీగల కింద వరసగా ఉండే మెట్లను పట్టి ఉంచే మైనం వేడికి కరిగి జారిపోయింది. ఇత్తడి మెట్లు కొన్ని ఒరిగాయి, కొన్ని మైనంలో కూరుకుపోయాయి.

ఇట్లా అవుతుందని నీకు తెలుసా అని అడిగాను. తెలుసు డాడీ, వేడి తగలొద్దని టీచర్ ఎప్పుడో చెప్పింది, అప్పుడు చెప్తే ఇంకా వీణ మీదనే ధ్యాస అంటవని ఊకున్న అంది.

స్వీటు తినలేకపోయాను.

27 ఏప్రిల్

వేదవతి గారు వచ్చి చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మైనం మళ్ళీ పోయించొచ్చండీ, కానీ ఏ మెట్టు ఎక్కడ నిలబెట్టాలో వాయించే మనిషి పక్కన కూర్చుని విని చెప్పాలి, బాగుచేసేవాడి దగ్గరికి అమ్మాయిని కూడా తీసుకురండి అన్నారు. వాణి లోపలి నుంచే, నాకిప్పుడు స్వరం తెలుస్తలేదు టీచర్, మీరే పెట్టించుండ్రి అని నవ్వింది. నా చెవితో పెట్టిస్తే అది నా వీణ అవుతుందే పిల్లా అన్నారు ఆవిడ. లోపల ఫ్యాన్ స్పీడు పెంచిన చప్పుడైంది.

5 మే

మెట్లు అమర్చడం గురించి ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. ఒకాయన కొలతలు చెప్పాడు. స్కేలు పెట్టి వీణ మీద పెన్సిలుతో గీతలు గీశాను. అన్నీ చెప్పి చివర్లో, ఇక చెవితో సరిచూసుకోండి అన్నాడు ఆ మనిషి.

గీతలు తుడిచేశాను.

12 మే, సాయంత్రం

మెట్లు పోయినా తీగలు ఉన్నాయి. ఒకటి మీటాను. మళ్ళీ మీటాను. శ్రుతిలో ఉందో లేదో నాకు తెలియదు.

వాణి ఉన్న లోపలి గదిలో ఫ్యాన్ ఆగింది. కరెంటు పోలేదు, నా తల మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

లేచి దాన్ని కూడా ఆపేశాను.