ఎడమచేతి రొట్టె

ఆలేరు, 12-11-1963

బిడ్డ భద్రమ్మకు, ఈడ అందరం మంచిగనే ఉన్నం.

నా కుడిచేతికి ఆపరేషన్ అయిందని నన్ను పట్నం తీస్కపోతనని రాసినవు. నేను రాను. కుట్లు విప్పేదాంక పొయ్యి దగ్గరికి పోవద్దు, స్వెట్టర్ సూదులు పట్టొద్దని డాక్టరు అన్నడు. ఆయన కుడిచెయ్యిని జూసి అన్నడు. ఎడమచెయ్యి ఖాళీగనే ఉన్నది గద.

దాంతోనే జొన్నరొట్టె కొట్టిన. ఎడమచేతి రొట్టె తిననని మీ నాయినమ్మ గోడ దిక్కు తిరిగి పండింది. రెండు పూటలు అటుకులు బుక్కింది. నేను బతిమిలాడలే. మూడో పూట తనే లేచొచ్చి రెండు రొట్టెలు తిని, అంచు మందమున్నదని వంక వెట్టింది.

మనుమని స్వెట్టర్ ఆపలే. ఒక సూది చంకల ఇరికించి అల్లుతున్న. చేతులు అల్లేది మిగిలింది, పిల్లగాని చెయ్యి దారంతోని కొలిచి ఆ దారం పంపు. పచ్చ ఊలు ఒక ఉండ గూడ పంపు, ఈడ దొరుకుతలేదు. అల్లునికి దగ్గు తగ్గిందా?

అక్షరాలు వంకరున్నయని ఫికర్ చెయ్యకు. మీ ముగ్గురికి దీవెనలు గూడ ఎడమచేత్తోనే పెడుతున్న. మీ నాయినమ్మకు రొట్టె అరిగింది, మీకు దీవెన అక్కరకొస్తది.

మీ అమ్మ
గుర్వమ్మ