పదకొండో నంబరు

మార్చి 3
ఈ జ్వరం పందుల షెడ్లలో మొదలైంది. ఐదుగురు పనివాళ్లు, తర్వాత వాళ్ల ఇళ్లలో ఒకరు. మా ఆరోగ్య శాఖ ఆఫీసులో బోర్డు మీద చార్టు గీశాను. జ్వరం మొదలైన తేదీ వరసన ఒక్కొక్కరికీ నంబరు, ఎవరి నుంచి ఎవరికి అంటిందో బాణం. బాణం లేని నంబరు కనబడితే నాకు అన్నం సహించదు. ఇద్దరు పోయారు. చార్టులో అవి రెండు నల్ల చుక్కలు.

మార్చి 6
ఏడో నంబరు కూడా షెడ్ల మనిషే. వాళ్ల అమ్మకు చెవుడు. గత పద్నాలుగు రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లిందో ఆమెను అడగాలి. రాసి చూపిద్దామంటే చదువు రాదు. పెదాలు చూస్తే గానీ మాట అందదు. మాస్కు గడ్డం కిందికి లాగి అడిగాను. పది నిమిషాలు. అన్నీ చక్కగా చెప్పి, మొహం అలా పీక్కుపోయిందేమిటి, వేళకు తింటున్నావా అని ఎదురు నన్నే అడిగింది.

దారిలో డ్రైవర్, మీరడిగినన్ని ప్రశ్నలు మా ఆవిడ అడిగితే ఎప్పుడో ఇల్లొదిలి పారిపోయేవాణ్ని మేడం అన్నాడు. నవ్వాననుకుంటా.

మార్చి 7
ఆమెకూ పాజిటివ్. ఎనిమిది. సులువైన బాణం.

మార్చి 12
ఒళ్లు వెచ్చగా ఉంది. పారాసిటమాల్ వేసుకుని మూడు ఊళ్లు తిరిగాను. నలభై దాటాక ఒళ్లు నొప్పులు ఒక వార్త కాదు. కారెక్కితే చాలు, నిద్ర.

మార్చి 13
జ్వరం లేదు.

మార్చి 19
డ్రైవర్‌కు పాజిటివ్. పదకొండు. ఐసీయూలో పెట్టారు.

మార్చి 20
ఆయన ఏ ఇంటి గడపా తొక్కలేదు. షెడ్లకు దూరంగా, రోడ్డు మీదే కారు ఆపేవాడు. ఇంట్లో అందరికీ నెగటివ్. మా జూనియర్ అమ్మాయి టీ కొట్టు, పెట్రోలు బంకు అన్నీ తిరిగొచ్చింది. చార్టు ముందు నిలబడి, ఆయన రోజంతా ఉండేది మీతోనే కదా మేడం అంది. అనేసి తల దించుకుంది.

ప్రశ్నలడిగినవాళ్ల పేరు మా ఫారంలో అడుగున, సంతకం దగ్గర ఉంటుంది. కాంటాక్టుల జాబితాలోకి ఎక్కదు. ఆ ఫారం తయారుచేసింది నేనే. నాకు తట్టలేదా, తట్టినా పక్కకు నెట్టేశానా? నిజంగా తెలియదు.

పరీక్షకు రక్తం ఇచ్చి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. పన్నెండో తేదీన నేను కలిసినవాళ్లందరికీ జూనియర్ ఫోన్లు చేస్తోంది.

మార్చి 22
యాంటీబాడీలు ఉన్నాయి. నాకు వచ్చి పోయింది.

డైరెక్టర్ ఫోన్ చేశారు. కంగారు పడకమ్మా, డ్రైవర్ విషయంలో మూలం తెలియదని రాస్తే సరిపోతుంది, ఆఫీసు పరువు కూడా చూడాలిగా అన్నారు. సరే సర్ అన్నాను. ఎందుకన్నానో.

మార్చి 28, ఉదయం
డ్రైవర్ భార్య ఫోన్. తెల్లవారుతుండగా పోయాడట. ఎవరి నుంచి అంటిందో మీ చార్టులో ఉంటుందట కదా మేడం, చెప్పండి అంది.

నా నుంచే అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. మెల్లగా చెప్పింది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నారు, మేడం గారికి ఒళ్లు కాలిపోతోంది, పాపం కారులో నిద్రపోతుంటే గాలి కొడుతుందని అద్దాలు ఎత్తేశాను అని.

జబ్బు అంటకుండా గాలి ఆడాలి, అద్దాలు దించే నడపాలని ఆయనకు చెప్పింది నేనే. నిద్రలో ఉన్నాను.

మార్చి 28, సాయంత్రం
ఆఫీసుకు వెళ్లాను. జ్వరం తేదీ ప్రకారం పదకొండు నేను, ఆయన పన్నెండు. నన్ను రాయాలంటే ముందు ఆయన్ని చెరపాలి.

చెరిపాను.